చిలకలగూడలోనూ అదే వాన

నీళ్ళొచ్చే మరుగుదొడ్డిని చూడడానికి ఎవరైనా పనిగట్టుకుని ప్రయాణం చేస్తారా? నేను చేశాను. జూలై రెండో వారంలో ఒక శుక్రవారం, చిలకలగూడ నుంచి ఏ.ఎస్. రావు నగర్ దాకా, చేతిలో గొడుగు, సంచిలో నోటు పుస్తకం, కడుపులో బోలెడంత కుళ్ళు పెట్టుకుని వెళ్ళాను. కుళ్ళు అనే మాటని అసూయ అని దిద్ది రాయొచ్చు. కానీ అసూయ అంటే కాస్త మర్యాదగా ఉంటుంది, నాలో ఉన్నది కుళ్ళే. ఈ బ్లాగులో కొండలూ కోటలూ చదవడానికి వచ్చేవాళ్ళు ఈ ఒక్కసారికి సర్దుకోవాలి. మీ పేటలో బడికో, ఆస్పత్రికో, వార్డు ఆఫీసుకో వాన నీటి ఏర్పాటు కావాలని కొట్లాడుతున్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి. దారి, సమయం, ఖర్చు అన్నీ చెబుతాను. నా తప్పు కూడా చెబుతాను.

సంగతేమిటంటే, మా ఇంటికి నాలుగడుగుల దూరంలో ఒక ప్రభుత్వ గ్రంథాలయం ఉంది. అక్కడి పాఠకుల సంఘానికి నేనే కార్యదర్శిని. అందులో ఆడవాళ్ళకు విడిగా ఒక చదువుల గది ఉంది. పెద్దదేం కాదు, రెండు పొడుగాటి బల్లలు, మూడు ఫ్యాన్లు. ఇంట్లో పుస్తకం తెరిచే మూల కూడా దొరకని అమ్మాయిలు ఉద్యోగ పరీక్షలకు అక్కడే తయారవుతారు. ఏప్రిల్లో బోరు ఎండిపోయింది. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేశారు. మగవాళ్ళకు ఊరినిండా గోడలున్నాయి కాబట్టి వాళ్ళ హాలుకు ఏ లోటూ రాలేదు. అమ్మాయిలు ఒంటిగంట కాకుండానే పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోవడం మొదలైంది. జూన్ చివర పైనుంచి కబురు వచ్చింది. వాడేవాళ్ళు తగ్గిపోయారు కనుక ఆడవాళ్ళ గదిని ఎత్తేసి, ఎక్కడో దూరంగా ఉన్న ఇంకో గ్రంథాలయంలో కలుపుతారట. చూశారా న్యాయం! ముందు తాళం వాళ్ళే వేస్తారు, తర్వాత జనం రావడం లేదనీ వాళ్ళే అంటారు.

రోజూ కిటికీ పక్కన కూర్చునే రజిత ఆ కబురు విని, "గంత దూరం మా ఇంట్ల పంపియ్యరు ఆంటీ. ఇగ నా పరీక్ష అయిపోయినట్టే," అంది. ఏడవలేదు. పేజీలో గుర్తు పెట్టుకుంటూ అంది. నేను ఇల్లు చేరేదాకా పళ్ళు నూరుతూనే ఉన్నాను. ఆ శుక్రవారం సాయంత్రం అయిదున్నరకు అధికారి ఒకాయన వచ్చి సంఘంతో మాట్లాడతానన్నాడు. ఈ కట్టడానికి నీళ్ళు ఎలా వస్తాయో మేం చూపించగలిగితే గది ఉంటుంది. లేకపోతే పోతుంది. అంతే.

మరి మీకు ఇంకుడు గుంత లేదా అని అడుగుతారు. ఎందుకు లేదు! నాలుగేళ్ళ క్రితం నేను అర్జీల మీద అర్జీలు పెట్టి తవ్వించిందే. గోడకు బోర్డు కూడా ఉంది, 'వాన నీటిని ఒడిసి పడదాం' అని. పట్టిందీ లేదు, ఒడిసిందీ లేదు. కాంట్రాక్టరు తిన్నాడని రెండు వ్యాసాలు రాశాను. మూడోది రాయబోతుంటే, తెలిసిన ఒక చిన్న ఇంజనీరు కుర్రవాడు విసుక్కున్నాడు. "మేడం, వ్యాసాలు చాలు గానీ, ఏ.ఎస్. రావు నగర్ దగ్గర ఒక సర్కారు హైస్కూలుంది. మొన్న ఎండాకాలంల సుత ట్యాంకర్‌ను పిలువలే వాళ్ళు. జెర పోయి చూసి రాండ్రి," అని కాగితం మీద చిరునామా రాసిచ్చాడు. కింద ప్రధానోపాధ్యాయురాలి పేరు ఉంది. విమల.

విమల ఎవరో చెప్పాలి. ఇరవై అయిదేళ్ళ క్రితం నేనూ, ఆమే ఒకే మహిళా సంఘంలో పనిచేశాం. నేను కరపత్రాలు రాసేదాన్ని, ఆమె జిగురు కలిపి గోడలకు అంటించేది. నేను మైకు ముందు నిలబడేదాన్ని, ఆమె మైకు అద్దెకు తెచ్చేది. టీచరు ఉద్యోగం వచ్చిన రోజు ఆమె మిఠాయి పంచితే, 'జీతం రాగానే జెండా దించేసింది' అని నేను నలుగురిలో అన్నాను. ఆమె మిఠాయి డబ్బా మూత పెట్టింది. ఆ తర్వాత మేం కలవలేదు. ఇప్పుడు ఆమె బడిలో నీళ్ళున్నాయి, నా గ్రంథాలయంలో వ్యాసాలున్నాయి.

ఇక దారి. సికింద్రాబాద్ స్టేషను దగ్గర నుంచి మెట్టుగూడ, మల్కాజ్‌గిరి, నేరెడ్‌మెట్ మీదుగా వెళ్ళే సిటీ బస్సు ఎక్కితే గంటలోపే ఏ.ఎస్. రావు నగర్‌లో దిగొచ్చు. మీరు ఆ బస్సే ఎక్కండి. నేను మాత్రం తొమ్మిదింటికి తిరుమలగిరి మీదుగా చుట్టు తిరిగి వెళ్ళే బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు, మగవాళ్ళకు ముప్పై నలభై రూపాయలవుతుంది. కండక్టరు ఒక నడివయసు స్త్రీ. టికెట్టు చింపిస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏ.ఎస్. రావు నగర్‌కు గీ బస్సెందుకెక్కినవమ్మా? మల్కాజ్‌గిరి బస్సయితె ఈపాటికి సగం దూరం వోతుంటివి."

"పని ఉంది లెండి."

"గిటు దిక్కా? ఏం పని?"

"ఆలస్యంగా చేరే పని."

ఆమె పకపకా నవ్వింది. "మా ఆయన సుత గంతే. మా అమ్మగారింటికి రమ్మంటె ఊరంత తిరిగి అన్నాలు తినే యాల్లకు వస్తడు," అని ముందుకు వెళ్ళిపోయింది.

తిరుమలగిరి దాటుతుండగా వాన పట్టుకుంది. చినుకులు కాదు, కుండపోత. కిటికీ అద్దం సగం వరకే మూసుకుంటుంది, మోచేయి తడుస్తోంది, అయినా నేను బయటికే చూస్తూ కూర్చున్నాను. మీరూ ఒకసారి చూడండి. వాన పడుతున్నప్పుడు సర్కారు కట్టడాలను చూడండి. ప్రతి కప్పు నుంచీ గొట్టాలు దిగుతాయి, ప్రతి గొట్టమూ రోడ్డు మీదికే ఉమ్ముతుంది. రోడ్డు చెరువవుతుంది, చెరువులో స్కూటర్లు ఆగిపోతాయి, నాలుగు రోజుల తర్వాత అదే కట్టడం ముందు ట్యాంకరు నిలబడుతుంది. ఆకాశం ఇంటికొచ్చి ఉచితంగా పోసి వెళ్ళిన నీళ్ళను తరిమేసి, మళ్ళీ కొనుక్కునే తెలివి ఇంకెవరికుంది? నోటు పుస్తకం తీసి ఈ వాక్యం రాసుకున్నాను. రాసుకోగానే కొంచెం గర్వంగా అనిపించింది. ఆ గర్వం మరో గంట కూడా నిలవలేదు.

పదింబావుకు దిగి, షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి, బడి గేటు ముందు దిగాను. పేరు రాయడం లేదు. రాయొద్దని విమలే అంది, 'రాస్తె చూడనీకె మంది వస్తరు, పిల్లలకు పాఠాలెవరు చెప్తరు' అని. గేటు దగ్గర బోర్డు ఉంటుందేమోనని చూశాను. వాన నీరు గురించి ఒక్క అక్షరం లేదు. నాకు అప్పుడే మొదటి పోటు తగిలింది. బోర్డు లేకుండా పని జరుగుతోందంటే, ఇది నిజంగా జరుగుతోందన్నమాట.

లోపలికి వెళ్ళగానే ఎడమ పక్క ఆడపిల్లల మరుగుదొడ్లు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బయట వరసగా కొళాయిలు. ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదివే ఇద్దరు పిల్లలు చేతులు కడుక్కుంటున్నారు. కడుక్కుంటున్నారని అన్నాను గానీ, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటున్నారు. కొళాయి ధారగా పోతోంది. నీటి సంరక్షణ మీద ఇన్నేళ్ళుగా రాస్తున్న మనిషిని కదా, కట్టెయ్యమని గద్దించాలి. నోరు రాలేదు. మా రజిత ఎన్నాళ్ళుగా ఇలా నీళ్ళతో ఆడలేదో అనిపించి, ఆ కొళాయి మీదా, ఆ పిల్లల మీదా, ఆ బడి గోడ మీదా కూడా కడుపు మండింది. ఇది ఆకాశం పంచిన నీరే కదా! చిలకలగూడలోనూ అదే వాన కదా పడుతోంది!

"ఏందే రాజీ, ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా?"

వెనక్కి తిరిగితే విమల. జుట్టు నెరిసింది, రంగు వెయ్యలేదు, బాగుంది కూడా. అది మరో పోటు. చేతిలో హాజరు పట్టీ ఉంది.

"బస్సు చుట్టు తిరిగొచ్చింది," అన్నాను.

"నువ్వే ఎక్కినవ్ గదా దాన్ని," అని నవ్వి, "నాకు పదో తరగతికి లెక్కలున్నయి. మా యాదమ్మ నీకంత చూపిస్తది. అన్నం యాల్లకు కూసుందాం," అని వెళ్ళిపోయింది. పాత మాట ఎత్తుతుందేమోనని బస్సులో మూడు జవాబులు తయారు చేసుకున్నాను. మూడూ వృథా.

యాదమ్మ ఆ బడి అటెండరు. యాభై దాటి ఉంటుంది. చీర కొంగు నడుముకు బిగించి, నెత్తిన ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, నన్ను నేరుగా మిద్దె మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. నేను గుంత చూపించమన్నాను. "గుంత యాడికి వోతదక్కా, ఆడనే ఉంటది. ముందుగాల పైకి రా," అంది. ఎక్కాను. ఆ వానలో ఆ కప్పు అద్దంలా ఉంది. విరిగిన కుర్చీ లేదు, పాత ఫ్లెక్సీ లేదు, ఎండుటాకు లేదు. నీళ్ళు ఒక వాటంగా పారి రెండు మూలల్లో ఉన్న జాలీల్లోకి జారిపోతున్నాయి. కిందికి వచ్చాక గొట్టానికి ఉన్న ఒక వంపు ముక్కను చూపించింది. దాన్ని చేత్తో తిప్పితే ఊడి వస్తుంది.

"తొలి వానకు దీన్ని ఊడగొడ్త. నీళ్ళన్ని మోరీలకు వోతయి. ఆ నీళ్ళు ముట్టొద్దక్కా, గవి కప్పు మొకం కడుక్కున్న నీళ్ళు. రెండో వాన నుంచి మల్ల బిగిస్త."

ఆ గొట్టం నేరుగా ఒక పెద్ద డ్రమ్ములోకి వెళ్తుంది. డ్రమ్ములో గులకరాళ్ళు, బొగ్గు, ఇసుక. వాటిలోంచి వడిసిన నీళ్ళు నేలలో కట్టిన సంపులోకి చేరతాయి. సంపు నిండితే పొర్లిన నీళ్ళు బోరు పక్కనున్న ఇంకుడు గుంతలోకి దిగుతాయి. సంపు నీళ్ళు మరుగుదొడ్లకూ చేతులు కడుక్కోవడానికీ, తాగే నీళ్ళు వేరే. ఏర్పాటు ఇంతే. ఇందులో నాకు తెలియనిది ఒక్కటీ లేదు. బొమ్మ గీసి మరీ రాశాను నా వ్యాసంలో. తెలిసినదాన్ని నేను రాస్తూ ఉండగా, యాదమ్మ ఆ గొట్టపు వంపు తిప్పుతూ ఉందన్నమాట ఇన్నేళ్ళూ.

ఒంటిగంటకు విమల తన గదిలో డబ్బా విప్పింది. జొన్న రొట్టె, పుంటికూర పప్పు. నేనూ నా పులిహోర విప్పాను. కప్పు అంత శుభ్రంగా ఎలా ఉంచగలుగుతున్నారని అడిగాను. ఎవరినైనా బెదిరించి ఉంటుందని నా ఆశ.

"మిరుగం," అంది విమల.

మృగశిర కార్తెను ఇక్కడివాళ్ళు మిరుగం అంటారు. జూన్ మొదట్లో వస్తుంది. ఆ రోజు చేపలు తినకపోతే ఏదో అయిపోతుందని ఊరంతా మార్కెట్లకు ఎగబడుతుంది. ఆ వెర్రి మీద నేను ఏటేటా విరుచుకుపడుతూనే ఉన్నాను.

"చేపలకూ కప్పుకూ ఏమిటే సంబంధం?"

"మిరుగానికి చేపలు తినకుంట మా అటెండర్లు గానీ, టీచర్లు గానీ ఉండరు. గందుకే ఒగటి షురూ చేసిన. మిరుగం నాడు పొద్దుగాల అందరు కప్పెక్కి ఊడ్వాలె, జాలీలు కడుగాలె, గుంతల పైన ఇసుక తీసి కడిగి మల్ల వొయ్యాలె. గప్పుడే మధ్యాహ్నం చేపల కూర. కూర ఖర్చు నాది. ఎనిమిదేండ్ల సంది ఒగ్గసారి సుత తప్పలే."

"మూఢనమ్మకానికి నువ్వు డబ్బు పెట్టి మరీ పోషిస్తున్నావన్నమాట! వానాకాలానికి ముందు కప్పులు శుభ్రం చెయ్యాలని ప్రభుత్వం చేత సర్క్యులర్ వేయించాలి గానీ..."

"ఎయ్యలేదా? ఏసిండ్రు. ఆ బీరువల ఉంది. సర్క్యులర్ ఫైల్ల ఉంటది రాజీ, మిరుగం నోట్ల ఉంటది. ఏది యాదికుంటదో నువ్వే చెప్పు."

నమ్మకం వేరు, అలవాటు వేరు, జనం అలవాటును పట్టుకుని పనికి మళ్ళించడం తప్పు కాదని ఇప్పుడు తీరిగ్గా నేనే నాలుగు పేజీలు రాయగలను. అప్పుడు మాత్రం, ఈ ఉపాయం నాకెందుకు తట్టలేదన్న మంటతో పులిహోర సగంలోనే వదిలేశాను.

రెండింటికి వాన తెరిపిచ్చింది. యాదమ్మ విమలనూ నన్నూ ఇంకుడు గుంత దగ్గరికి తీసుకెళ్ళి, ఇనుప కొక్కెంతో మూతను ఒక్క గుంజు గుంజి పక్కకు లాగింది. లోపల నీళ్ళు ఇసుకలోకి గుటకలు వేస్తున్నట్టు దిగుతున్నాయి.

"మీ గుంత మూత ఇనుపదా, సిమెంటుదా అక్కా? ఇనుపదయితె దొంగలెత్కవోతరు. మాది రెండు సార్లు వోయింది. గందుకే గొలుసేసినం."

"మాదీ పోయింది. ఆ ఏడే."

"మల్ల కొత్తది ఏయించిండ్రా?"

జ్ఞాపకం ఒక్కసారిగా రాలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. మూత పోయిన వారానికి ఒక పిల్లవాడి కాలు గుంతలోకి జారింది. నేను మండిపడి ఫిర్యాదు రాశాను. రెండు రోజుల్లో వచ్చి స్లాబు పోశారు. స్లాబు ఎత్తుగా బాగుందని సంఘం అధ్యక్షుడు నర్సింగరావు గారు దాని మీద జెండా కర్ర పాతించారు. నీళ్ళు గద్దె మీద పడి జారుడుగా ఉంటోందని కప్పు గొట్టాన్ని రోడ్డు వైపు తిప్పేశారు. ఆ తర్వాత ప్రతి పంద్రాగస్టుకూ, ప్రతి జనవరి ఇరవై ఆరుకూ ఆ గద్దె ఎక్కి, నీటి విషయంలో ఈ ప్రభుత్వాల దగాను ఎండగడుతూ నేనే ప్రసంగించాను.

"మూత లేదు యాదమ్మా. దాని మీద జెండా గద్దె ఉంది."

"గద్దెనా?" యాదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. "అయ్యో, గుంత నోట్ల మట్టి గొట్టి మీదికెక్కిండ్రా!"

విమల నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "మీటింగు ఎన్ని గంటలకు?" అని అడిగింది. అయిదున్నర అన్నాను. "బడి నాలుగుంబావుకు అయితది. యాదమ్మా, సంచిల ఆ కొక్కెం ఏస్కో," అంది.

ముగ్గురం నాలుగున్నరకు ఆటో ఎక్కాం. మల్కాజ్‌గిరి మీదుగా చిలకలగూడకు మూడు వందలు అడిగాడు, రెండు వందల ఎనభైకి ఒప్పుకున్నాడు. సాయంత్రం ఆ దారిలో రద్దీ ఎక్కువ, మీరు వెళ్తే తిరుగు ప్రయాణానికి గంటకు పైనే ఉంచుకోండి. ఇనుప కొక్కెం చూసి ఆటో అతను, "ఏందమ్మా, ఎవరింట్లకన్న జొరవడ్తున్రా?" అన్నాడు. "మా అక్క కట్టిచ్చిన గద్దె వగలగొట్టనీకె," అంది యాదమ్మ. అతను అద్దంలో నా మొహం చూసి గేరు మార్చాడు.

గ్రంథాలయంలో అధికారి అప్పటికే వచ్చి కూర్చున్నాడు. నర్సింగరావు గారూ, సంఘంలోని ఇంకో నలుగురూ ఉన్నారు. గుమ్మం దగ్గర రజిత నిలబడి ఉంది. గద్దె కింద గుంత ఉందనీ, దాన్ని తెరిచి, కప్పు గొట్టాన్ని వెనక్కి తిప్పి, ముందుగా ట్యాంకరు నీళ్ళు పోయించుకునే పాత సంపులోకి పోనిస్తే ఈ వానలకే నీళ్ళు నిలుస్తాయనీ చెప్పాను. కాంట్రాక్టరు నిర్లక్ష్యం అని కూడా అనేశాను. అలవాటు కదా. అధికారి ఫైలు తిరగేసి ఒక కాగితం నా వైపు తిప్పాడు. "ఈ సంతకం మీదేనా మేడం?"

నాదే. 'మూత లేని సదరు గుంతను తక్షణమే, శాశ్వతంగా మూయించవలసిందిగా కోరుతున్నాను.' శాశ్వతంగా అన్న మాట కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. 'కొత్త మూత వేయించండి' అని రాస్తే సరిపోయేది. కానీ దానిలో ఊపు లేదు. ఊపు కోసం రాశాను. ఇన్నేళ్ళలో నేను రాసినవాటిలో ప్రభుత్వం అక్షరాలా అమలు చేసిన మాట అదొక్కటే.

కాదనడానికి దారులు వెతకగలను. మూత దొంగను పట్టుకోని పోలీసులు, గొలుసు వేయని కాంట్రాక్టరు, ఎంతమందైనా ఉన్నారు. గుమ్మంలో రజిత ఉంది. "నాదేనండీ. తప్పు నేనే రాశాను. దాన్ని తెరవమని ఇప్పుడు నేనే అడుగుతున్నాను," అన్నాను.

నర్సింగరావు గారు లేచారు. "ఏందమ్మా ఇది? పంద్రాగస్టుకు ఇంక నెలరోజులే ఉంది. జెండా గద్దె మీద గడ్డపార ఏస్తరా? రేపు జనమేమంటరు? దేశమంటె లెక్కలేదంటరు!"

దేశం అంటే ఏమిటో చెప్పడానికి నేను ఊపిరి తీసుకున్నాను. విమల నా మోచెయ్యి పట్టుకుంది. యాదమ్మే మాట్లాడింది, కుర్చీలో కూర్చోకుండా, గోడకు ఆనుకుని.

"సారూ, జెండాకు కర్ర గావాలె. గద్దె లేకున్నా ఎగుర్తది. కర్రను తీసి గేటు కాడ పాతుండ్రి, వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు అందరు జూస్తరు. జెండా మీదికి ఎగుర్తది, నీళ్ళు కిందికి వోతయి. ఒగదానికొగటి అడ్డమేముంది?"

నర్సింగరావు గారు కిటికీలోంచి గేటు వైపు చూశారు. "గేటు కాడనా... రోడ్డు మీదికి గూడ కనవడ్తదా?" అన్నారు. అయిపోయింది. నాలుగేళ్ళ నా అర్జీలూ, రెండు వ్యాసాలూ, ఏడాదికి రెండు ప్రసంగాలూ చెయ్యలేని పనిని ఆమె రెండు నిమిషాల్లో చేసి, తాగడానికి మంచినీళ్ళున్నాయా అని అడిగింది. అధికారి దసరా వరకు గడువిచ్చాడు. అప్పటికి నీళ్ళుంటే గది జోలికి రాననీ, లేకపోతే ఇక మాట్లాడొద్దనీ అన్నాడు.

ఆదివారం మేస్త్రీ వచ్చి స్లాబు కొట్టాడు. ఆ ముందు రోజే నేను మొదటిసారి మా గ్రంథాలయం కప్పెక్కాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాలుగేళ్ళలో అదే మొదటిసారి. విరిగిన బీరువాలు, కుళ్ళిన రిజిస్టర్లు, మా సంఘం పాత బ్యానర్లు, వాటి మధ్య మొలిచిన రావి మొక్కలు. రజితా, ఇంకో ముగ్గురు అమ్మాయిలూ, నేనూ పొద్దుగూకేదాకా దించాం. తర్వాత కురిసిన రెండు వానలకు సంపు సగం నిండింది, మూడో వానకు పొర్లి గుంతలోకి వెళ్ళింది. బోరు సంగతి ఇప్పుడే చెప్పలేం, దానికి ఏళ్ళు పట్టొచ్చని యాదమ్మ ముందే హెచ్చరించింది. తాళం మాత్రం తీశారు. ఇది రాస్తున్న ఆగస్టు మొదటి వారానికి అమ్మాయిలు సాయంత్రం ఆరింటిదాకా కూర్చుంటున్నారు. రెండు బల్లలు చాలక మగవాళ్ళ హాలు నుంచి ఒకటి లాక్కొచ్చాం. గొడవ పడే లాక్కొచ్చాం.

ఇంతకీ విమల మీద కుళ్ళు పోయిందా అంటే, లేదు. నిన్న ఫోను చేసి, మా సంపు మూత సరిగా లేదనీ దోమలు చేరతాయనీ చెప్పింది. నిజమే చెప్పింది, అందుకే ఇంకా మండింది. ప్రభుత్వాలను నిలదీయడం మానతానని ఎవరూ అనుకోవద్దు. కప్పుల మీద పడిన నీళ్ళను రోడ్డు మీదికి తోసే ప్రతి ఆఫీసునూ అడుగుతాను, అడగాలి. కాకపోతే ఇన్నాళ్ళూ నా కోపం నన్ను గద్దె ఎక్కించిందే గానీ మిద్దె ఎక్కించలేదు. ఆ పని కుళ్ళు చేసింది. పక్కవాళ్ళ కొళాయిలో నీళ్ళు చూసి, మా పిల్లలకెందుకు లేవని కడుపు మండడాన్ని నేను ఇకమీదట తప్పుగా చూడను. అక్కడితో ఆగిపోతే తప్పు. ఆ మంటతో ఇంటికొచ్చి నిచ్చెన వెతికితే తప్పు కాదు.

ఒక్క సలహా. ఇలాంటి ఏర్పాటు ఎక్కడైనా చూడడానికి వెళ్తే వాన పడుతున్న రోజే వెళ్ళండి, జారని చెప్పులు వేసుకుని, ముందు కప్పు చూపించమనండి. ఎండలో చూస్తే ప్రతి ఇంకుడు గుంతా పనిచేస్తున్నట్టే ఉంటుంది.